రెండు గాట్లయితేనే విషమా?

ఉద్దానం జీడితోటల్లోనైనా, విజయనగరం వైపు వరి చేలల్లోనైనా పాము కరిచిందంటే చాలామంది ముందు చూసేది గాట్లనే. రెండుంటే విషప్పాము, పళ్ల వరస పడితే భయం లేదు. దీన్ని ఉత్త మూఢనమ్మకమని కొట్టిపారేయలేం. దీని వెనక పుర్రె నిర్మాణం ఉంది.

స్కాట్లాండ్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ 1781లో తమ్ముడితో కలిసి విశాఖపట్నం వచ్చాడు. తర్వాత ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేశాడు. విశాఖలో దొరికిన 200 చేపల మీద 1803లో ఒక గ్రంథం వేశాడు. కానీ అతని పేరు నిలిచింది పాముల వల్లే. ఏది విషప్పామో జనం తేలిగ్గా గుర్తుపట్టాలన్నది అతని తపన. 1796 నాటి పుస్తకంలో చాలా పాములకు స్థానిక పేర్లే రాశాడు. రక్తపింజర అందులో ‘కాటుక రేకుల పొడ’. మరుసటి ఏడు దానికి రస్సెల్ పేరే పెట్టేశారు!

జెర్రిపోతు పై దవడలో పళ్లు నాలుగు వరసలు: దవడ ఎముకల మీద రెండు, లోపల అంగిట్లో రెండు. నాగుపాములో బయటి ఎముక పొట్టిది, దాని ముందు భాగంలో కదలని కోర. రక్తపింజరలో ఆ ఎముక మరీ కురచ. దాని మీద పనిచేసే పన్ను కోర ఒక్కటే. నోరు తెరిస్తే ఎముక తిరిగి కోర నిలబడుతుంది, మూస్తే అంగిట్లోకి మడుచుకుంటుంది. కింది దవడకూ పుర్రెకూ మధ్య క్వాడ్రేట్ అనే ఎముక ఉంటుంది. చేపల్లోనూ ఉంది. పాముల్లో అది వదులుగా వేలాడుతుంది, అందుకే నోరు అంత సాగుతుంది. మన చెవిలోని దాగలి ఎముక అదేనని 1837లో రైకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించాడు.

పుర్రె చేతిలో ఉంటే ఈ తేడా స్పష్టం. చర్మం మీద మాత్రం లెక్క తప్పుతుంది. ఒక కోరే దిగవచ్చు. పాత కోర పక్కనే కొత్తది మొలిచి ఉంటే మూడు గాట్లు పడవచ్చు. విషప్పాముకూ అంగిట్లో పళ్లుంటాయి, అవీ గీరుకోవచ్చు. అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది కట్లపాము. దాని కోరలు ఎంత చిన్నవంటే, రాత్రి నిద్రలో కరిస్తే తెల్లారి గాటు కూడా కనిపించకపోవచ్చు.

అందుకే ఆస్పత్రిలో గాట్లు లెక్కపెట్టి తేల్చరు. కనురెప్పలు వాలుతున్నాయా, వాపు పెరుగుతోందా అని చూస్తారు. గాజు గొట్టంలో రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే విరుగుడు ఎక్కిస్తారు. ఆ మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ ఒకటే కాబట్టి, పామును చంపి సంచిలో వేసుకుని వెళ్లనక్కర్లేదు.