నోట్సు దాచుకునే అలవాటు ఎక్కడి నుంచి వచ్చింది?

విశాఖలో పేరున్న కాలేజీల్లో సీటు తెచ్చుకున్న పిల్లలు పరీక్షల ముందు ఒకరి నోట్సు ఒకరికి ఇవ్వరని అధ్యాపకులు తరచూ బాధపడుతుంటారు. ఈ తరం స్వభావమే అంత అంటారు. నేను ఒప్పుకోను. ఈ అలవాటు వెనుక నలభై ఏళ్ల చరిత్ర ఉంది. దాన్ని పెంచి పోషించింది పెద్దవాళ్లమే.

ఈ ఊళ్లో పెద్ద చదువు ఇలా మొదలు కాలేదు. వైద్య కళాశాల 1923లో వచ్చింది. 1926లో బెజవాడలో పుట్టిన ఆంధ్ర విశ్వవిద్యాలయం 1930లో విశాఖలోని వాల్తేరు చేరింది. వైద్య విద్యార్థుల మొదటి ఏడాదిని దగ్గర నుంచి చూసినవారికి శవాన్ని కోసి శరీర నిర్మాణం నేర్చుకునే డిసెక్షన్ బల్ల సంగతి తెలుస్తుంది. ఒకరు కత్తి పట్టుకుంటారు, మరొకరు పుస్తకం తెరిచి పైకి చదువుతారు, ఇంకొకరు పుస్తకంలో చెప్పిన నరం ఎక్కడుందో వేలితో వెతుకుతారు. చదివేవారు ఆగితే కోసేవారూ ఆగాల్సిందే. ఆ బల్ల దగ్గర ఒంటరి చదువు సాగదు.

మలుపు 1980లలో వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 1983 నాటి చట్టం, సీటు ఇవ్వడానికి కాలేజీలు అదనంగా గుంజే క్యాపిటేషన్ రుసుమును నిషేధించింది. ఎంసెట్ ర్యాంకు సీటుకు కొలమానమైంది. అది మంచికే జరిగింది. సిఫారసు లేని పల్లెటూరి కుర్రాడికి ర్యాంకే న్యాయం చేసింది. ఆ మాట మరిచిపోయి ర్యాంకును తిట్టడం నాకు నచ్చదు.

చెడిందల్లా ఆ ర్యాంకు చుట్టూ పెరిగిన వ్యాపారం వల్ల. కార్పొరేట్ జూనియర్ కాలేజీలు పదహారేళ్ల పిల్లలను మార్కుల వారీగా సెక్షన్లుగా విడగొట్టాయి. వారం వారం పరీక్ష, నోటీసు బోర్డు మీద జాబితా. మార్కులు తగ్గిన పిల్లవాడు పుస్తకాల సంచి సర్దుకుని, అందరూ చూస్తుండగా కింది సెక్షన్‌కు వెళ్లాలి. నిన్న పక్క బెంచీ మిత్రుడికి లెక్క చెప్పినవాడికి ఇవాళ ఆ మిత్రుడే పైకి వెళ్లి కనిపిస్తే, రేపు లెక్క చెప్పడానికి మనసొస్తుందా? రెండేళ్లు అలా గడిపినవారే తరువాత పెద్ద కాలేజీల గేటు దాటి వస్తున్నారు.

2023లో విశాఖలో నీట్‌కు సిద్ధమవుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి బ్యాచ్‌లు విడగొట్టవద్దని, నలుగురిలో అవమానించవద్దని అందులో ఉంది. ఆ మాట చెప్పించడానికి ఒక బిడ్డ ప్రాణం పోవాల్సి వచ్చింది.

కాలేజీలోనూ ఆ గాయం మానే వీలు తక్కువ. 2015లో ఇక్కడ ఐఐఎం మొదలైంది. మేనేజ్‌మెంట్ చదువులో కేసులను బృందంగా కూర్చుని చర్చించాలి. అదే బృందంలోని వారు ఉద్యోగాల దగ్గర ఒకే కుర్చీకి పోటీ పడాలి. తరగతిలో తోటివారితో పోల్చి గ్రేడు ఇచ్చే చోట, మిత్రుడికి పెరిగిన నాలుగు మార్కులు మన గ్రేడును తగ్గించగలవు. విద్యార్థి సొంత మార్కులను బట్టే గ్రేడు ఇచ్చే పద్ధతి కూడా ఉంది. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ ఇచ్చిన క్రెడిట్ విధానపు మార్గదర్శకాలు ఈ రెండు పద్ధతులనూ అనుమతించాయి. ఏది ఎంచుకోవాలో తేల్చాల్సింది విద్యాసంస్థలే.