భోజనప్రియులు బరువు తగ్గలేరా? కొన్ని అపోహలు – వాస్తవాలు

"నాకు తినడమంటే ప్రాణం అండీ, అందుకే తగ్గలేకపోతున్నాను." డైటీషియన్‌గా నేను తరచూ వినే మాట ఇది. ఏదో నేరం ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి మరీ చెబుతారు. నిజానికి నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది తిండి మీద ఏ ఆసక్తీ లేనివాళ్లు. ఏం తిన్నారని అడిగితే "ఏదో ఒకటి" అంటారు. రుచి తెలిసినవాళ్లకు కనీసం తాము ఏం తిన్నారో గుర్తుంటుంది. వాళ్లను వెనక్కి లాగుతున్నవి చాలావరకు కొన్ని పాత నమ్మకాలే.

అపోహ: బరువు తగ్గాలంటే ఇష్టమైనవన్నీ మానేయాలి.

వాస్తవం: మానేసిన కొద్ది రోజులకే ధ్యాసంతా వాటి మీదికి పోతుంది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో యాన్సెల్ కీస్ బృందం 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు దాదాపు ఆరు నెలలపాటు ఆహారాన్ని సుమారు సగానికి తగ్గించింది. యుద్ధం వల్ల పస్తులున్నవారికి మళ్లీ తిండి ఎలా అలవాటు చేయాలో తెలుసుకోవడం ఆ ప్రయోగం ఉద్దేశం. రోజులు గడిచేకొద్దీ ఆ యువకుల మాటల్లో, కలల్లో తిండే నిండిపోయింది. కొందరు వంటల పుస్తకాలు పోగుచేశారు, కంచాలు నాకారు. ప్రయోగం ముగిశాక కడుపు నిండినా ఆగలేకపోయారు. ఆకలి ఎవరినైనా అలా మార్చేస్తుంది.

నిషేధంతో ఇంకో చిక్కు ఉంది. 1975లో హెర్మన్, మ్యాక్ అనే పరిశోధకులు కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ కావలసినంత తినమన్నారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తగ్గించారు. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవాళ్లు మాత్రం మిల్క్‌షేక్ తాగినప్పుడే ఐస్‌క్రీమ్ ఎక్కువ తిన్నారు. "నియమం ఎలాగూ తప్పింది, ఈ ఒక్కరోజుకు కానిద్దాం" అన్న ఆలోచన మీకూ పరిచయమే అయివుంటుంది. అందుకే వారానికి సరిపడా ప్రణాళిక రాసేటప్పుడు నేను ముందుగా అడిగేది, మీరు దేన్ని వదులుకోలేరు అని. దానికి ఒక రోజు, ఒక పరిమాణం రాసిపెట్టాకే మిగతా భోజనాల సంగతి.

అపోహ: ఎంత ఎక్కువ తింటే అంత ఆనందం.

వాస్తవం: ఇది నాకు ఇష్టమైన అంశం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. ఒకే పదార్థాన్ని తింటూపోతే దాని మీద మోజు ఆ భోజనం పూర్తికాకముందే తగ్గిపోతుంది, ఇంకా ముట్టని పదార్థాల మీద మాత్రం అంతగా తగ్గదు. 1980ల మొదట్లో బార్బరా రోల్స్ బృందం దీన్ని ప్రయోగాలతో చూపించింది. ఇక చాలని కంచం పక్కకు నెట్టిన మనిషి తీపి కనబడగానే మళ్లీ సిద్ధమైపోయేది ఇందుకే. రకాలు పెరిగిన విందులో అవసరానికి మించి తినేదీ ఇందుకే.

నా దగ్గరకు వచ్చేవాళ్లతో ఒక చిన్న అభ్యాసం చేయిస్తుంటాను. ఇష్టమైన తీపిని చిన్న ముక్కలుగా కోసి ప్లేట్లో పెట్టుకుని, ఫోను పక్కన పడేసి, ఒక్కో ముక్కకు పదికి ఎన్ని మార్కులో చెప్పమంటాను. ఒకావిడ నా ఎదుటే చేశారు. మొదటి ముక్కకు పది, రెండోదానికీ పది. మూడోదానికి కాసేపు ఆలోచించి ఎనిమిది. అయిదో ముక్కకు ఆరు వేశారు, కానీ అది గొంతు దిగకముందే ఆవిడ చేయి తర్వాతి ముక్క మీదికి వెళ్లిపోయింది. తనే చూసుకుని నవ్వేశారు. నాలుక మార్కులు తగ్గిస్తున్నా చేయి పాత వేగంతోనే పనిచేస్తూ ఉంటుంది. రుచి బాగా తెలిసినవాళ్లు ఈ తగ్గుదలను ఇట్టే పసిగడతారు. ఆరు మార్కుల ముక్కలో కూడా పది మార్కుల ముక్కలో ఉన్నన్ని కేలరీలే ఉంటాయని అప్పుడు గుర్తుచేస్తే చాలు.

అపోహ: రుచిగా ఉంటే ఎక్కువ తింటాం కాబట్టి చప్పగా తినాలి.

వాస్తవం: చప్పటి తిండితో నెల గడిపినవాళ్లు నాకు పెద్దగా తారసపడలేదు. అసలు దోషి రుచి ఒక్కటే అనడానికీ లేదు. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో కెవిన్ హాల్ బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో 20 మందిని పరిశోధన కేంద్రంలోనే ఉంచి, రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన ఆహారం, రెండు వారాలు అంతగా ప్రాసెస్ చేయని ఆహారం పెట్టారు. రెండూ కావలసినంత తినవచ్చు. ఎంత బాగుందని అడిగితే రెండింటికీ దాదాపు ఒకే మార్కులు పడ్డాయి. అయినా ప్రాసెస్ చేసినది పెట్టిన రోజుల్లో రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు, దాదాపు కిలో బరువు పెరిగారు. రెండో రకం మీద దాదాపు అంతే తగ్గారు. మొదటి రకాన్ని వాళ్లు మరింత వేగంగా తిన్నారు కూడా. కాబట్టి పులుపు, కారం, సుగంధ ద్రవ్యాలు ధైర్యంగా వాడుకోండి, వాటి కేలరీలు లెక్కలోకి రానంత తక్కువ. నమలవలసిన పని లేకుండా జారిపోయే వాటి మీద కన్నేసి ఉంచండి.

అపోహ: నేను తినేది తక్కువే, నా ఒంటి తీరే అంత.

వాస్తవం: ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదని చెప్పిన పది మందిని 1992లో న్యూయార్క్ పరిశోధకులు జాగ్రత్తగా పరీక్షించారు. వాళ్ల శరీరాలు శక్తిని మామూలుగానే ఖర్చు చేస్తున్నాయి. తాము తిన్నదాంట్లో మాత్రం దాదాపు సగం లెక్కలోకి రాలేదు, చేసిన వ్యాయామం సగానికి సగం ఎక్కువగా నమోదైంది. ఇందులో అబద్ధమాడే ఉద్దేశం ఉండనక్కర్లేదు. ఒకరు నాకు చూపించిన డైరీలో కూర్చుని తిన్నవన్నీ గీత గీసినట్టు ఉన్నాయి, నిలబడి తిన్నది ఒక్కటీ లేదు. వండుతూ చూసిన రుచి, పిల్లల ప్లేట్లో మిగిలింది, డబ్బా మూత తీసినప్పుడు నోట్లో వేసుకున్నది, ఇవేవీ ఆయన దృష్టిలో భోజనం కాదు.

నూనె సంగతి వేరే చెప్పాలి. పిండి పదార్థంలో, ప్రొటీన్‌లో గ్రాముకు 4 కేలరీలుంటే కొవ్వులో 9 ఉంటాయి. ఒక పెద్ద చెంచా నూనె అంటే సుమారు 120 కేలరీలు. సీసా వంచి పోసేవాళ్లను ఒక వారం చెంచాతో కొలిచి పోయమంటాను. చాలామందికి ఆ ఒక్క మార్పే కళ్లు తెరిపిస్తుంది.

అపోహ: గంట నడిస్తే ఏదైనా తినవచ్చు.

వాస్తవం: 70 కిలోల మనిషి గంటసేపు చురుగ్గా నడిస్తే సుమారు 300 కేలరీలు ఖర్చవుతాయి. అన్ని కేలరీలు తినడానికి పది నిమిషాలు చాలు. నడక మానవద్దు, కండ నిలవడానికి, తగ్గిన బరువు మళ్లీ పెరగకుండా ఉండటానికి అది కావాలి.

అపోహ: పిండి పదార్థాలు మానితేనే, లేదా కొవ్వు మానితేనే తగ్గుతాం.

వాస్తవం: 2018లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు 609 మందితో ఏడాదిపాటు ఈ రెండు దారులనూ పోల్చారు. సగటున ఒక వర్గం 6 కిలోలు, మరో వర్గం 5.3 కిలోలు తగ్గింది, చెప్పుకోదగ్గ తేడా లేదు. మీకు దేన్ని తగ్గించుకోవడం తక్కువ కష్టమో దాన్నే తగ్గించుకోండి. మొదటి వారంలో బరువు గబగబా పడిపోతే మురిసిపోవద్దు, అందులో ఎక్కువ భాగం నీరు. శరీరం పిండి పదార్థాలను గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటుంది. ప్రతి గ్రాము గ్లైకోజెన్ సుమారు 3 గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది, అది ఖర్చయితే నీరూ వెళ్లిపోతుంది.

అపోహ: తగ్గిన బరువు మళ్లీ పెరిగితే మనోబలం లేనట్టే.

వాస్తవం: కొవ్వు నిల్వల సంగతి మెదడుకు చేరవేసే లెప్టిన్ అనే హార్మోన్‌ను 1994లో, ఆకలిని రేపే గ్రెలిన్ అనే హార్మోన్‌ను 1999లో కనుగొన్నారు. బరువు తగ్గినప్పుడు మొదటిది తగ్గుతుంది, రెండోది పెరుగుతుంది. ఏడాది గడిచినా ఈ మార్పులు పూర్తిగా సర్దుకోవడం లేదని 2011లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. కాబట్టి ఒకేసారి ఇరవై కిలోలు లక్ష్యంగా పెట్టుకోకుండా, కొంత తగ్గి, కొన్ని నెలలు అక్కడే నిలబడటం సాధన చేయమంటాను. ఈమధ్య చాలామంది సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ గురించి అడుగుతున్నారు. అది నిజంగానే ఆకలిని తగ్గిస్తుంది. అయితే ఒక ప్రధాన అధ్యయనంలో అది ఆపేసిన ఏడాదిలో, తగ్గిన బరువులో సుమారు మూడింట రెండు వంతులు తిరిగి వచ్చేసింది. వాడాలా వద్దా అన్నది మీ వైద్యులతో మాట్లాడి తేల్చుకోవలసిన విషయం.

అపోహ: ఆపుకోలేక తినడం అంటే తిండి మీద ఇష్టం మరీ ఎక్కువ కావడమే.

వాస్తవం: ఈ రెండింటికీ చాలా దూరం. కొద్దిసేపట్లో విపరీతంగా తినేయడం, ఆపుదామన్నా ఆగలేకపోవడం, ఎవరూ చూడకుండా తినడం, తర్వాత తమ మీద తమకే అసహ్యం కలగడం ఉన్నవాళ్లను రుచి గురించి అడిగితే చాలాసార్లు చెప్పలేరు. ఇది పదేపదే జరుగుతుంటే అది ఒక రుగ్మత. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన వర్గీకరణలో దీనికి విడిగా చోటిచ్చింది. ఇటువంటివారికి నేను కేలరీల పట్టిక ఇవ్వను. ముందు మానసిక వైద్యులను కలవమంటాను, అప్పటిదాకా బరువు చూసుకోవడం కూడా ఆపమంటాను.