పావలా కోడికి ముప్పావలా మసాలా: మోడల్ విమానాల యాక్సెసరీలపై అపోహలు - వాస్తవాలు

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వైమానిక దళం మిగ్-21 యుద్ధవిమానానికి వీడ్కోలు చెప్పింది. ఆ వారం నుంచి నాకు ఒకటే ప్రశ్న: "అన్నా, మిగ్ కిట్ కొన్నాను. దానికి అదనంగా ఏమేం సెట్లు తెప్పించుకోవాలి?" మన ఊరికి ఆ విమానం మీద మమకారం ఉండటం సహజమే. బాడీలు నాసిక్‌లో, ఇంజిన్లు కోరాపుట్‌లో తయారైతే, దాని ఏవియానిక్స్ (ఎలక్ట్రానిక్ పరికరాలు) కోసం ప్రభుత్వ విమాన సంస్థ హెచ్‌ఏఎల్ 1965లో డివిజన్ పెట్టింది హైదరాబాద్‌లోనే. బాలానగర్ వైపు ఎవరింట్లో అడిగినా దాని మీద పనిచేసిన నాన్నో, పెదనాన్నో తేలతారు.

నేను పద్దెనిమిదేళ్ళుగా డబ్బాలో ముక్కలుగా వచ్చే కిట్లతో ప్లాస్టిక్ విమానాలు కడుతున్నాను. కొన్ని నాకోసం, ఎక్కువ అడిగినవాళ్ళ కోసం. కొత్తవాళ్ళు డబ్బా తెరవకముందే ఫోటో ఎచ్ (పల్చని ఇత్తడి రేకు ముక్కలు), రెజిన్ (అచ్చులో పోసి చేసే గట్టి ప్లాస్టిక్ లాంటిది) కాక్‌పిట్, మెటల్ ల్యాండింగ్ గేర్ (చక్రాల కాళ్ళు) అన్నీ ఆర్డర్ పెట్టేసి, ఆ తర్వాత నన్ను అడుగుతారు. కిట్ రెండు వేలైతే దాని సింగారం ఐదు వేలు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: కాక్‌పిట్ సెట్ వేయకపోతే అది సగం మోడలే.

1/72 స్కేల్లో (అసలు విమానంలో 72వ వంతు) మిగ్-21, ముక్కు మీది పిటో ట్యూబ్ (గాలి వేగం కొలిచే సన్న గొట్టం) వదిలేస్తే, సుమారు 20 సెంటీమీటర్లు. అందులో కాక్‌పిట్ నోరు మీ చిటికెన వేలు పట్టేంత. కానోపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) మూసి అతికించాక, వంపు తిరిగిన ఆ ప్లాస్టిక్ గుండా కనిపించేవి సీటు తల భాగం, భుజాల మీది బెల్టులు, ప్యానెల్ పై అంచు, గన్‌సైట్. అంతే. పక్క కన్సోళ్ళు, రడ్డర్ పెడల్స్, నేల అంతా చీకటి.

నా మొదటి రెజిన్ కాక్‌పిట్‌కి నాలుగు ఆదివారాలు పట్టాయి. కన్సోల్ మీద ఒక్కో స్విచ్‌నీ సన్న బ్రష్షుతో దిద్దాను. కానోపీ అతికించి మా బావగారికి చూపిస్తే ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల సీటు పెట్టావా?" అన్నారు.

అప్పట్నుంచి నాదొక అలవాటు. సెట్ కొనేముందు ఫ్యూజలాజ్ (విమానం మొండెం) రెండు ముక్కల్నీ టేపుతో కట్టి, లోపల కిట్ సీటు పెట్టి, కానోపీ పైన ఉంచి, జానెడు దూరం నుంచి చూస్తాను. కనిపించినవాటికే డబ్బు. 1/72లో మూసిన కానోపీకి మంచి సీటు, బెల్టులు చాలు. 1/48లో కానోపీ తెరిచి పెట్టేటట్టయితే మాత్రం లెక్క మారిపోతుంది. అక్కడ కాక్‌పిట్ సెట్ కొనడానికి నేనైతే వెనకాడను.

అపోహ: మిగ్-21 సెట్ ఏ మిగ్-21కైనా సరిపోతుంది.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. మన వైమానిక దళం వాడినవి ఒకే విమానం కాదు. టైప్ 77 అనే ఎఫ్‌ఎల్, టైప్ 96 అనే ఎం, టైప్ 75 అనే బిస్, చివర్లో బైసన్. 1971 యుద్ధం అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఎఫ్‌ఎల్. దాని కానోపీ ముందు భాగంతో సహా ఒకే ముక్కగా, ముందుకి లేస్తుంది. లోపల ఉండేది ఎస్‌కే సీటు. పైలట్ బయటికి దూకితే ఆ కానోపీయే గాలి దెబ్బకి అడ్డుగా సీటుతోపాటు వెళ్ళేలా చేశారు. తర్వాతి రకాల్లో కానోపీ కుడిపక్కకి తెరుచుకుంటుంది, సీటు కేఎం-1. బజారులో 'మిగ్-21 సీటు' పేరుతో దొరికేవాటిలో ఎక్కువ ఈ కేఎం-1లే. అది తెచ్చి ఎఫ్‌ఎల్‌లో కూర్చోబెడితే ఎంత అందంగా రంగు వేసినా తప్పు తప్పే.

పిటో ట్యూబ్ కూడా అంతే. ఎఫ్‌ఎల్‌కి ముక్కు మీద నడిమధ్యలో ఉంటుంది, ఎం, బిస్ రకాల్లో కుడివైపుకి జరిగింది. ఎఫ్‌ఎల్ పొట్టలో ఫిరంగి లేదు కాబట్టి 1971లో కింద జీపీ-9 గన్ పాడ్ (ఫిరంగి అమర్చిన తొడుగు) తగిలించి వాడారు. అంటే ఆ విమానానికి మీకు నిజంగా కావాల్సిన యాక్సెసరీ గన్ పాడ్ కావచ్చు, కాక్‌పిట్ కాదు. ముందు ఏ స్క్వాడ్రన్, ఏ నంబరు, ఏ ఏడాది అన్నది తేల్చుకుని ఒక్క మంచి ఫోటో దగ్గర పెట్టుకోండి. ఆ తర్వాత షాపింగ్.

అపోహ: ఫోటో ఎచ్ ఎప్పుడైనా ప్లాస్టిక్ కన్నా నిజానికి దగ్గర.

ఇత్తడి రేకు మందం 0.1 మిల్లీమీటరు అనుకుందాం. 72తో గుణిస్తే అసలు విమానం మీద 7.2 మిల్లీమీటర్లు. కిట్‌లోని అర మిల్లీమీటరు ప్లాస్టిక్ ముక్క అదే లెక్కన 36 మిల్లీమీటర్లు, అంటే ఇంటి తలుపు చెక్కంత. కాబట్టి అసలు వస్తువు పల్చని రేకైతే ఇత్తడిదే గెలుపు: గాలి జాలీలు, యాంటెన్నా బ్లేడ్లు, ల్యాండింగ్ గేర్ తలుపులు, సీటు బెల్టులు.

అసలు వస్తువు గుండ్రంగా ఉంటే కథ తిరగబడుతుంది. థ్రాటిల్, కంట్రోల్ స్టిక్, బ్రేక్ పైపులు రేకులో కోసి పెడితే అట్లకాడలా కనిపిస్తాయి. వాటికి కిట్ ముక్కే నయం, లేదా పాత చార్జర్ వైరు ఒలిచి తీసిన రాగి తీగ. బెల్టులకి కూడా డబ్బు లేకపోతే మాత్రల స్ట్రిప్ వెనకుండే రేకు చాలు. 1/72లో బెల్టు వెడల్పు అర మిల్లీమీటరు పైన కాస్త ఉంటుంది, కొత్త బ్లేడుతో కోయండి.

వంపు తిప్పాల్సిన ఇత్తడి ముక్కని పట్టకారుతో పట్టుకుని గ్యాస్ స్టవ్ మంట మీద ఒక్క క్షణం ఎర్రబరిస్తే మెత్తబడుతుంది. రంగు అచ్చేసి వచ్చిన ముక్కలతో ఈ పని చేయకండి, రంగు కాలిపోతుంది.

అపోహ: రంగులు అచ్చేసి వచ్చే డయళ్ళ ప్యానెల్ కొంటే పెయింటింగ్ తప్పుతుంది.

తప్పదు, ఇంకాస్త పెరుగుతుంది. సోవియట్ కాక్‌పిట్‌ల నీలి ఆకుపచ్చ రంగు తెలుసుగా? ప్యానెల్ మీద అచ్చేసిన షేడు, మీ సీసాలో ఉన్న షేడు అన్నదమ్ముల పిల్లల్లా ఉంటాయి. పోలికే గానీ ఒకటి కాదు. ముందు ప్యానెల్ పక్కన పెట్టుకుని, దానికి సరిపోయేలా మిగతా కాక్‌పిట్ రంగు కలుపుకోండి.

అపోహ: ఈ కిట్ కోసమే చేసిన రెజిన్ కాబట్టి పెట్టగానే కూర్చుంటుంది.

రెజిన్ అచ్చులో గట్టిపడేటప్పుడు కాస్త కుంచించుకుంటుంది. పైగా కిట్ గోడ లోపలివైపు అరగదీస్తేనే సెట్ పట్టేలా కొలత పెట్టినవి చాలా ఉంటాయి. అలా అరగదీస్తూ ఒకసారి ఫ్యూజలాజ్ గోడకి అవతల నా వేలు కనిపించింది. మధ్యమధ్యలో వెలుతురుకి ఎత్తి చూడాలని ఆ రోజు నేర్చుకున్నాను.

పని మొదలుపెట్టే ముందు గిన్నెల సబ్బుతో గోరువెచ్చని నీళ్ళలో రెజిన్ ముక్కల్ని కడగండి. అచ్చు నుంచి ఊడిరావడానికి పూసిన జిడ్డు పోకపోతే ప్రైమర్ పొరలా లేచిపోతుంది. కింద ఉండే పోత దిమ్మెని సన్న రంపంతో కోయాలి. ఉప్పు కాగితం తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, ఇందులో మొహమాటం వద్దు. ప్లాస్టిక్ సిమెంట్ రెజిన్‌ని అంటదు, సూపర్ గ్లూనో ఎపాక్సీనో వాడాలి. సూపర్ గ్లూ గాలిలో తేమతో గట్టిపడుతుంది. విశాఖ వానాకాలంలో ఇట్టే పట్టేస్తుంది, సర్దుకునే టైమ్ ఇవ్వదు. కానోపీకి మాత్రం దాన్ని తాకించకండి. దాని ఆవిరి లోపల తెల్ల పొరలా పేరుకుంటుంది. అక్కడ తెల్ల జిగురు చాలు.

అపోహ: మెటల్ కాళ్ళు (ల్యాండింగ్ గేర్) గట్టివి.

ఇత్తడివో కంచువో అయితే అవును. ఎక్కువగా దొరికే వైట్ మెటల్ మెత్తన, చేత్తో వంచితే వంగుతుంది. వంగినా విరగదు, మళ్ళీ సరిచేసుకోవచ్చు, అదొక్కటే దాని సుగుణం. తోక మీద కూలబడకుండా ముక్కులో బరువు పోసిన పీ-38 విమానం లాంటి మోడల్‌కైతే మెటల్ కాళ్ళ గురించి ఆలోచించండి. మామూలు మిగ్‌కి కిట్ కాళ్ళే నిలబడతాయి.

అపోహ: ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు) సెట్ కొన్నాం కాబట్టి దించి చూపించాలి.

రెండో ప్రపంచ యుద్ధపు విమానాలనే తీసుకోండి. నేల మీద ఆగిన స్పిట్‌ఫైర్‌కి ఫ్లాప్స్ మామూలుగా మూసే ఉంటాయి. మస్టాంగ్‌కి ఇంజిన్ ఆపాక హైడ్రాలిక్ ఒత్తిడి తగ్గి అవే కిందికి దిగుతాయి. ఫోటో చూసి నిర్ణయించండి, డబ్బా మీది బొమ్మ చూసి కాదు.

అపోహ: 3డి ప్రింట్ వచ్చాక మిగతావన్నీ పాతబడ్డాయి.

ఈ సందడిలో సగం నిజం ఉంది. క్వింటా స్టూడియో లాంటివాళ్ళు చేసే 3డి డెకాల్ ప్యానెళ్ళు చూసి నాకే మతిపోయింది. నీళ్ళలో నానబెట్టి జరిపి అతికిస్తే, డయళ్ళు, నాబ్‌లు ఉబ్బెత్తుగా రంగులతో సహా వచ్చేస్తాయి. 1/48లో ఫోటో ఎచ్ ప్యానెల్ కొనడం నేను దాదాపు మానేశాను. విడి భాగాల సంగతి వేరు. ప్రింట్ చేసిన సీట్లకి పొరల గీతలు ఉండవచ్చు, ఆసరా పుల్లలు తుంచేటప్పుడు సన్న భాగాలు పుటుక్కుమంటాయి. జాలీలకి ఇంకా ఇత్తడిదే రాజ్యం.

ఇక "ఒకే ఒక్కటి కొనాలంటే ఏది?" అని అడిగేవాళ్ళకి: కానోపీ మాస్క్, అంటే ఫ్రేములకి రంగు వేసేటప్పుడు పారదర్శక భాగాల్ని కప్పే స్టిక్కర్లు. జపాన్ కాగితపు టేపుతో ముందే కోసి వస్తుంది. కానోపీ ఫ్రేములు చక్కగా వస్తే చూసేవాళ్ళ కన్ను ముందు అక్కడికే పోతుంది, ధర కూడా తక్కువే.

మిగ్-21కి రెండోది కూడా చెబుతాను: లేత్ మీద తిప్పిన ఇత్తడి పిటో ట్యూబ్. పోలండ్‌లో మాస్టర్ వాళ్ళు ఇలాంటివి చేస్తారు. కిట్‌లోని ప్లాస్టిక్‌ది నా చొక్కా చెయ్యి తగిలి మూడుసార్లు విరిగింది. ఇత్తడిది విరగదు గానీ వేలికి గుచ్చుకుంటుంది. అందుకే దాన్ని అన్నిటికన్నా చివర్లో బిగిస్తాను. మోడల్ దూరం వెళ్ళాల్సి ఉంటే అదీ చేయను. ఒక స్ట్రా ముక్కలో దూర్చి, టేపు వేసి, డబ్బా మూలన విడిగా పెట్టి పంపిస్తాను.