ఎల్కతుర్తి ఎప్పుడు దాటాను?

మూడేళ్ల కింద కరీంనగర్‌లో మా దగ్గరి బంధువుల పెళ్లి. పగలంతా పెళ్లి పనులు, రాత్రి బరాత్. డప్పులు ఆగి, చివరి బంతిలో అన్నం తిని లేచేసరికి ఒంటిగంట దాటింది. "ఇప్పుడెందుకు తమ్మీ, పండుకొని పొద్దుగాల పోదురు" అని మా అక్క చెబుతూనే ఉంది. డెబ్బై కిలోమీటర్లే కదా అన్న ధైర్యంతో హన్మకొండకు బయలుదేరాను. పక్క సీట్లో మా బావమరిది, వెనక నా భార్య, పిల్లలు. మానకొండూరు వచ్చేలోపే అందరూ నిద్రపోయారు.

హుజూరాబాద్ దాటడం నాకు బాగా గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది హసన్‌పర్తి దగ్గర ఎడమ చక్రాలు రోడ్డు దిగి కంకరలో పడ్డ చప్పుడు. ఉలిక్కిపడి స్టీరింగ్ తిప్పాను. బండి నిలబడింది, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రెండు ఊళ్ల మధ్య ఎల్కతుర్తి చౌరస్తా ఉంది. దాన్ని నేనే దాటాను, బండి నా చేతిలోనే ఉంది. ఎప్పుడు దాటానో మాత్రం ఇప్పటికీ తెలియదు.

మనసు గట్టిగా పెట్టుకుంటే నిద్రను ఆపుకోవచ్చని అప్పటిదాకా నమ్మాను. చాలామంది డ్రైవర్లు కూడా అదే నమ్ముతారు. ఆ రాత్రి తర్వాత నిద్ర గురించి దొరికిందల్లా చదివాను. ఆకలిని కొంతసేపు ఓర్చుకోవచ్చు, దూపను ఓర్చుకోవచ్చు. నిద్ర అలాంటిది కాదు. ఓర్చుకోవాల్సిన మెదడే ముందుగా నిద్రపోతుంది.

మనకు నిద్ర రావడానికి రెండు కారణాలు కలిసి పనిచేస్తాయని అలెగ్జాండర్ బోర్బేలీ అనే శాస్త్రవేత్త 1982లో ప్రతిపాదించాడు. మొదటిది, మేల్కొన్న కొద్దీ పెరిగే ఒత్తిడి. మెదడు కణాలు శక్తిని ఖర్చు చేస్తున్నప్పుడు అడినోసిన్ అనే పదార్థం పోగవుతుంది. పొద్దున లేచినప్పుడు అది తక్కువగా ఉంటుంది, రాత్రయ్యేసరికి బాగా పెరుగుతుంది. కణాల మీద దానికోసం ఉన్న చోట్లలో చేరి, మెదడును మెల్లగా మందగింపజేస్తుంది. పోగైన అడినోసిన్ తగ్గడానికి దారి ఒక్కటే, నిద్ర.

చాయ్, కాఫీల్లోని కెఫీన్ చేసే పని ఇక్కడే తెలుస్తుంది. పండగ రోజుల్లో హన్మకొండ బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి దస్తీ వేసి సీటు ఆపుకుంటాం కదా. కెఫీన్ అలాంటి దస్తీ. అడినోసిన్ కూర్చోవాల్సిన సీట్లో ముందే పడి ఉంటుంది. దాంతో అడినోసిన్ నిలబడే ఉంటుంది తప్ప బస్సు దిగిపోదు. కొన్ని గంటలకు దస్తీలు తీసేస్తే, అప్పటిదాకా నిలబడ్డదంతా ఒక్కసారి కూర్చుంటుంది. రాత్రంతా చాయ్ మీద బండి నడిపిన డ్రైవర్ తెల్లారగట్ల ఒక్కసారిగా సోలిపోవడానికి ఇదొక కారణం.

రెండో కారణం ఒంట్లోని గడియారం. కళ్ల నుంచి వచ్చే నరాలు కలిసే చోటుకు కాస్త పైన, దాదాపు 20,000 కణాల చిన్న ముద్ద ఒకటి పగలు రాత్రిని లెక్కపెడుతూ ఉంటుంది. ఇలాంటి గడియారం కణాల లోపల ఎలా తిరుగుతుందో ఈగల్లో కనిపెట్టినందుకే 2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ గడియారం రోజుకు రెండుసార్లు మనల్ని కిందికి లాగుతుంది. తెల్లవారుజామున రెండు నుంచి ఆరు మధ్య గట్టిగా, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య కొంచెం తక్కువగా. మధ్యాహ్నం నిద్రమబ్బును అన్నం మీదికి నెట్టేస్తాం. కడుపు నిండా తింటే అది ఎక్కువయ్యే మాట నిజమే కానీ, తినకపోయినా వస్తుంది.

పెళ్లి నుంచి తిరిగి వస్తున్న నాలో ఆ రాత్రి ఈ రెండూ ఒకచోట కలిశాయి. పొద్దున అయిదింటికి లేచాను. ఇరవై గంటలకు పైగా మేల్కొని ఉన్నాను. గడియారం కూడా అట్టడుగుకు దిగుతోంది. అలాంటప్పుడు మనసు గట్టిగా పెట్టుకున్నా ఏం లాభం?

1997లో డ్రూ డాసన్, క్యాథరిన్ రీడ్ అనే ఇద్దరు ఆస్ట్రేలియాలో ఒక పరీక్ష చేశారు. కొందరిని నిద్ర లేకుండా ఉంచి, మరోసారి వాళ్లకే కొద్దికొద్దిగా మద్యం ఇచ్చి, కంటికీ చేతికీ ఎంత పొత్తు ఉందో కొలిచారు. 17 గంటలు మేల్కొన్న మనిషి పనితనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషి పనితనంతో సమానమైంది. మన దేశంలో డ్రైవింగ్‌కు చట్టం పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు. అంటే పొద్దున ఆరింటికి లేచి, చుక్క కూడా ముట్టకుండా, రాత్రి పదకొండింటికి స్టీరింగ్ పట్టుకున్న మనిషి ఆ హద్దు దాటినవాడితో సమానం. తాగిన సంగతి పోలీసులు మిషన్‌లో ఊదించి పట్టుకుంటారు. నిద్రను పట్టే మిషన్ చెక్‌పోస్ట్‌లో లేదు.

ఇక ఆ క్షణంలో జరిగేదేమిటి? మెదడు అడుగు భాగంలో మేల్కొలిపే కణాల గుంపు ఒకటి, నిద్రపుచ్చే గుంపు ఒకటి ఉంటాయి. అవి ఒకదాన్నొకటి అణచి ఉంచుతాయి. లైటు స్విచ్‌లాగా అటో ఇటో ఉండటమే దాని స్వభావం, మధ్యలో ఎక్కువసేపు నిలవదు. నిద్ర ఒత్తిడి బాగా పెరిగినప్పుడు ఆ స్విచ్ కొన్ని సెకన్లు పడిపోయి, మళ్లీ లేస్తుంది. ఇదే రెప్పపాటు నిద్ర. కళ్లు తెరిచే ఉండవచ్చు కూడా. ఆ కొన్ని సెకన్లు మెదడు దేన్నీ దాచుకోదు కాబట్టి "నేను నిద్రపోలేదు" అని మనిషి నిజాయితీగానే అంటాడు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి నాలుగు సెకన్లలో దాదాపు 90 మీటర్లు పోతుంది. నాలుగు క్రికెట్ పిచ్‌లు వరుసగా పెట్టినా అంత పొడవు రాదు. ఆ దూరమంతా బండి నడిపేవాళ్లు ఎవరూ లేరన్నమాట. నిద్రలో జరిగే ప్రమాదాల్లో చాలాసార్లు బ్రేకు వేసిన గుర్తులు కూడా ఉండవు, అందుకే దెబ్బ అంత గట్టిగా తగులుతుంది.

రోడ్డు బాగుండటం కూడా ఒక్కోసారి నిద్రకు సాయం చేస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి రాడార్ సిబ్బంది గంటల తరబడి తెర చూస్తూ కొన్ని గుర్తులను ఎందుకు గమనించలేకపోతున్నారో నార్మన్ మ్యాక్‌వర్త్ అనే ఆయన పరీక్షించాడు. మార్పు లేని పనిని అరగంట చేసేసరికే మనిషి గమనింపు తగ్గిపోతోందని తేలింది. జనగామ దాటాక నాలుగు వరుసల రోడ్డు మీద, రాత్రిపూట, ఒకే వేగంతో, ఏసీలో కూర్చున్న డ్రైవర్ పరిస్థితి దాదాపు ఇదే.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది మన సరుకు బండ్ల డ్రైవర్ల సంగతి. మిర్చి సీజన్లో వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గరికి తెల్లారకముందు వెళ్లి చూడండి. రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన డీసీఎంలు, ట్రాలీ ఆటోలు బస్తాలతో బారులు తీరి ఉంటాయి. సరుకు దించాక కొందరు పడుకుంటారు, కొందరు మరో ట్రిప్పుకు తిరుగు ముఖం పడతారు. వాళ్లలో ఎవరిని అడిగినా "మాకు అలవాటే సార్" అంటారు. అలవాటు కాదు. అమెరికాలో జరిపిన ఒక అధ్యయనంలో కొందరిని వరసగా 14 రోజులు రాత్రికి ఆరు గంటలే పడుకోనిచ్చారు. 2003లో వచ్చిన ఫలితం ఇది: చివరికి వాళ్ల చురుకుదనం ఒక రాత్రంతా అసలే పడుకోని మనిషి స్థాయిదాకా పడిపోయింది. కానీ నిద్ర వస్తోందా అని అడిగితే కొంచెమే అన్నారు. చురుకుదనం తగ్గుతూనే ఉంటుంది, తగ్గిన సంగతి తెలియడం ఆగిపోతుంది. ఆ డ్రైవర్లు నిజంగానే బాగున్నామనుకుంటున్నారు, అదే భయం.

గోదావరిఖని, భూపాలపల్లి వైపు నైట్ షిఫ్ట్ దిగి పొద్దున బండి మీద ఇంటికి పోయేవాళ్లది ఇంకో కష్టం. నైట్ షిఫ్ట్ చేసిన 16 మందితో రోడ్డుకు దూరంగా ఒక ట్రాక్ మీద రెండు గంటలు కారు నడిపించిన పరీక్ష 2016లో అచ్చయింది. ఆరుగురు ప్రమాదం అంచుదాకా వెళ్లారు. ఏడుగురిని భద్రత కోసం మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. అదే మనుషులు రాత్రి పడుకొని వచ్చిన రోజు అలాంటిది ఒక్కటీ జరగలేదు. ఇంట్లో వాళ్లకు నేను చెప్పేదొక్కటే. షిఫ్ట్ దిగిన మనిషి ఇంటికి రాగానే "కాస్త బజారుకు పోయిరా" అనకండి.

మరి రోడ్డు మీద మనం చేసేవి పనిచేస్తాయా? అద్దం దించడం, పాటలు గట్టిగా పెట్టడం, ముఖం కడగడం, కళ్ల కింద బామ్ రాసుకోవడం. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో యూనివర్సిటీలో జిమ్ హోర్న్, లూయీజ్ రేనర్ 1990లలో చల్లగాలినీ రేడియోనూ పరీక్షించారు. వాటి ప్రభావం స్వల్పం, అదీ కొద్దిసేపే. అవి అడినోసిన్‌ను ఒక్క చుక్క కూడా తగ్గించవు. నా దృష్టిలో అద్దం దించాలనిపించిన క్షణమే బండి ఆపాల్సిన క్షణం. అంతకన్నా నమ్మకమైన గుర్తు మరొకటి దొరకదు. ఆ రాత్రి హుజూరాబాద్ దగ్గర నేను అద్దం దించాను. దించడం గుర్తుంది.

అదే ఇద్దరి పరీక్షల్లో పనిచేసిన పద్ధతి మరొకటి ఉంది. ముందు కాఫీ తాగి, వెంటనే పావుగంట కునుకు తీయడం. కెఫీన్ పనిచేయడానికి దాదాపు అరగంట పడుతుంది. ఆలోపు కునుకు కొంత అడినోసిన్‌ను దించేస్తుంది, ఖాళీ అయిన సీట్లలో దస్తీలు పడతాయి. పరీక్షలో ఇచ్చింది 150 మిల్లీగ్రాముల కెఫీన్. మన హోటళ్లలోని చిన్న గ్లాసు చాయ్‌లో అది చాలా తక్కువ, కాబట్టి కాఫీయే మేలు. ఇరవై నిమిషాలకు అలారం పెట్టుకోవాలి. ఎక్కువ పడుకుంటే గాఢనిద్రలోకి వెళ్లి, లేచాక తల దిమ్ముగా ఉంటుంది. లేవగానే స్టీరింగ్ పట్టుకోకుండా పది నిమిషాలు అటూ ఇటూ నడవాలి. ఇంత చేసినా దొరికేది గంటో రెండు గంటలో అరువు మాత్రమే, రాత్రి నిద్రకు సాటి రాదు.

ఎక్కడ ఆపుతామన్నది కూడా ముఖ్యమే. రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆపితే, నిద్రమత్తులో వచ్చే ఇంకో డ్రైవర్‌కు మనమే అడ్డం. కోతల రోజుల్లో మన రోడ్ల మీద ఆరబోసిన వడ్లు, పైన నల్ల పట్టాలు, చుట్టూ రాళ్లు చీకట్లో దగ్గరికొచ్చేదాకా కనిపించవు. పెట్రోల్ బంకో దాబానో చూసుకొని లోపలికి తీసుకోవాలి. మేడారం పోయేవాళ్లు ములుగు దగ్గర గట్టమ్మ తల్లికి మొక్కి గాని ముందుకు కదలరు. ఎంత తొందరున్నా అక్కడ బండి ఆగుతుంది. ఆ ఆగడం డ్రైవర్‌కు ఎంత మంచిదో నాకు ఈమధ్యే అర్థమైంది. దిగిన వాళ్లు మొక్కులు చూసుకునే ఆ కాసేపు అతన్ని బండిలో పడుకోనిస్తే ఇంకా మంచిది.

జలుబుకు, దురదకు వేసుకునే సెట్రిజిన్ లాంటి మాత్రలు మబ్బు తెస్తాయి, డాక్టర్‌ను అడిగి వేసుకోవాలి. గట్టిగా గురక పెడుతూ, ఎంత పడుకున్నా పగలు తూగేవాళ్లకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉండవచ్చు. దానికి చికిత్స ఉంది, సిగ్గుపడి దాచుకోకూడదు. ఇక బండ్ల ఓనర్లకు ఒక మాట. రోజుకు ఎనిమిది గంటల పని, అయిదు గంటలు నడిపితే కనీసం అరగంట విశ్రాంతి అని మోటారు రవాణా కార్మికుల కోసం 1961లోనే చట్టం చేశారు. ఆ అరగంట విశ్రాంతి బద్ధకం కాదు, బండిని నిలబెట్టే బ్రేకు లాంటిది.

పోయిన ఏడాది మళ్లీ కరీంనగర్‌లో దావత్. ఈసారి నేను నోరు తెరవకముందే మా బావమరిది "బావా, హుజూరాబాద్‌ల ఆపి జర కన్ను మూద్దామా?" అన్నాడు. ఒక బంకులో ఆపాం. కాఫీ తాగి సీటు వెనక్కి వాల్చాను. ఇరవై నిమిషాలకు అతనే తట్టి లేపాడు. చన్నీళ్లతో ముఖం కడుక్కొని, బండి చుట్టూ నాలుగు చుట్లు తిరిగి బయలుదేరాను. ఎల్కతుర్తి చౌరస్తాకు వచ్చేసరికి సమయం రెండూ నలభై. మూలన షట్టర్ దించిన చాయ్ కొట్టు, దాని ముందు ముడుచుకొని పడుకున్న కుక్క, సిద్దిపేట వైపు మలుపు తీసుకుంటున్న ఒక లారీ. అన్నీ చూశాను.