ఊపిరి తగిలితే కరిగే రాయి

"గుహలోకి వెళ్లి ఏదీ ముట్టుకోకుండా చూసి వచ్చేస్తే రాయికి ఏమవుతుంది?" అని ఒక పాఠకురాలు అడిగారు. ముట్టుకోకపోయినా ఊపిరి పీల్చి వదులుతాం కదా, సమస్య అక్కడే ఉంది. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది.

బడిలో చేసిన సున్నపు తేట ప్రయోగం గుర్తుందా? పరీక్షనాళికలోకి స్ట్రాతో ఊదితే తేట పాలలా తెల్లబడుతుంది. కార్బన్ డయాక్సైడ్ ఉందని రాసుకుని పుస్తకం మూసేస్తాం. అక్కడ ఆపకుండా ఇంకా ఊదుతూ పోతే ఆ తెలుపు మెల్లగా విరిగి, నీళ్లు మళ్లీ తేటపడతాయి. ఆ తెల్లపొడి కాల్షియం కార్బొనేట్, అంటే సున్నపురాయిలో ఉండేదే. ఎక్కువైన వాయువు నీళ్లలో పలచటి ఆమ్లమై, దాన్ని కరిగిపోయే బైకార్బొనేట్‌గా మార్చేస్తుంది. ఇప్పుడు నాళికను వేడిచేస్తే వాయువు బయటికి పోయి, తెలుపు తిరిగొస్తుంది. ఈ రెండో సగం చూపించకుండానే పాఠం ముగించేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. సున్నపురాతి గుహ మొత్తం అందులోనే ఉంది మరి!

వాన నీరు మట్టిలోంచి దిగుతుంది. వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలే ఊపిరి వల్ల మట్టిలోని గాలిలో కార్బన్ డయాక్సైడ్ 1 శాతం దాకా ఉండొచ్చు. బయటి గాలిలో ఉండేది 0.04 శాతమే. నీటిలో కరిగే సున్నపురాయి ఇంచుమించు ఈ వాయువు పీడనానికి ఘనమూలం లెక్కన పెరుగుతుంది: వాయువు 8 రెట్లయితే రాయి 2 రెట్లు, 25 రెట్లయితే దాదాపు 3 రెట్లు. అలా రాయిని కరిగించుకుని వచ్చిన చుక్క గుహ కప్పుకి వేలాడుతుంది. గుహ గాలిలో వాయువు తక్కువ కాబట్టి చుక్కలోది బయటికి జారుకుంటుంది. ఇక మోయలేని సున్నాన్ని చుక్క తన అంచు చుట్టూ సన్నటి ఉంగరంలా వదిలి కింద పడుతుంది. ఉంగరం మీద ఉంగరం చేరి రాతి ఊడ దిగుతుంది. చాలాచోట్ల అది ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతు పెరిగితే గొప్ప.

ఈ గాలిలోకి మనం వస్తాం. మనం విడిచే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 4 శాతం, బయటి గాలికి వంద రెట్లు. జనం కిక్కిరిస్తే చుక్కలోని వాయువుకి బయటపడే దారి మూసుకుపోతుంది, ఊడ పెరగడం ఆగుతుంది. పైగా ఊపిరిలోని తేమ చల్లటి గోడ మీద చెమ్మగా పట్టి, ఆ వాయువునే పీల్చుకుని రాయిని తినేస్తుంది. పరీక్షనాళికలో తెలుపు విరిగినట్టే.

ఫ్రాన్స్‌లోని లాస్కో గుహని 1948లో జనానికి తెరిచారు. దాదాపు 17,000 ఏళ్లు నిలిచిన ఆదిమానవుల గోడ బొమ్మల మీద కొద్ది ఏళ్లలోనే పచ్చటి నాచు, తెల్లటి సున్నపు పొర కనిపించాయి. 1963లో మూసేశారు. ఇప్పుడు జనం చూసేది నకలు గుహల్నే.

అందుకే మంచి నిర్వాహకులు ఒక్కసారికి ఇంతమందేనని లెక్క పెడతారు, గాలిలో వాయువు కొలుస్తారు, చూసేవాళ్లు లేనప్పుడు దీపాలు ఆర్పేస్తారు. ఇంతటితో ఆగిపోతే మాత్రం నేను ఒప్పుకోను. చుక్కకి బలమిచ్చేది పైనున్న మట్టి. ఆ అడవి నరికితే మట్టి ఊపిరి తగ్గుతుంది, కాంక్రీటు పోస్తే చుక్కే రాదు. గుహని కాపాడాలంటే దాని నెత్తిన ఉన్న నేలను కాపాడాలి.

నీటి సంగతీ అంతే. సున్నపురాయి కరిగి పగుళ్లూ గుహలూ పడిన నేలని కార్స్ట్ అంటారు. అక్కడ నీరు వడకట్టుకోదు, పగుళ్లలోంచి పరుగెడుతుంది. 1877లో జర్మనీలో డాన్యూబ్ నది ఇంకిపోయేచోట 10 కిలోల ఫ్లోరెసిన్ రంగు కలిపారు. దాదాపు 60 గంటల తర్వాత 12 కిలోమీటర్ల అవతల ఆఖ్ ఊటలో నీళ్లు పచ్చగా మెరిశాయి. నేల కుంగిన గొయ్యికి అడుగే లేదని, ఎంత చెత్త పోసినా మింగేస్తుందని నమ్మేవాళ్లు ఈ లెక్క చూడాలి. గొయ్యి మింగింది ఏదో ఒక ఊట కక్కుతుంది, అది ఎవరో తాగే నీరు.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని హిడెన్ రివర్ గుహ మురుగు కంపుతో 1943లో మూతపడింది. అసలు మార్పు పైన జరిగింది: 1989లో ఊరి మురుగుకి కొత్త శుద్ధి ప్లాంటు పెట్టారు. కొన్నేళ్లకి ఆ చీకటి నీళ్లలోకి కళ్లులేని తెల్ల చేపలు తిరిగొచ్చాయి.