ఫిల్టర్ మార్చే ముందు ట్యాంకు అడుగు చూడండి

చిరంజీవులకు,

ఉత్తరం అందింది. పాత డీజిల్ లారీ ఎత్తు ఎక్కేటప్పుడు దమ్ము వదిలేస్తోందనీ, గేరు దించినా లాగక చివరికి ఆగిపోతోందనీ రాశారు. కాసేపు పక్కన పెడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుందట. ఫిల్టర్ మార్చినా మళ్లీ అదే కథ, ఇక ఇంజెక్షన్ పంపు విప్పుదామా అని అడిగారు. వద్దు. స్పానర్లు కింద పెట్టి ముందు ఈ ఉత్తరం చదవండి.

మీరు రాసిన వాటిలో నాకు బాగా పనికొచ్చింది, కాసేపు ఆగితే మళ్లీ నడుస్తోందన్న మాట. ట్యాంకులో పేలికో, రబ్బరు పెచ్చో, జిగట తెట్టో ఉందనుకోండి. ఇంజన్ గట్టిగా లాగేటప్పుడు డీజిల్‌తో పాటు అదీ కొట్టుకొచ్చి, పీల్చే గొట్టం మూతికి అతుక్కుంటుంది. ఇంజన్ ఆగగానే పీల్చేది లేక ఊడి కిందపడుతుంది. మళ్లీ ఎక్కుడు వచ్చేదాకా బండి శుభ్రంగా నడుస్తుంది. వేడెక్కితే మొండికేసి చల్లారాక స్టార్టయ్యే పంపులూ ఉన్నాయి, కాదనను. కానీ తేలిగ్గా చూడగలిగినవి వదిలేసి ఖరీదైనదాన్ని ముందు విప్పడం నాకు నచ్చదు.

ట్యాంకు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా ఇదే తంతు. డీజిల్ తగ్గేకొద్దీ దాని చోట్లోకి గాలి రావాలి. రాకపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడి, ట్యాంకులోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు లాగలేకపోతుంది. బండి ఆగిన మరుక్షణం మూత తిప్పి చూడండి. గాలి ఉస్సుమని లోపలికి పోతే దోషం మూతదే, రంధ్రం శుభ్రం చేస్తే పని అయిపోతుంది. చప్పుడు లేకపోతే ట్యాంకు అడుగుకు వెళ్దాం.

రాత్రంతా లారీని కదపకండి. తెల్లారి స్టార్ట్ చేయకముందే కింది డ్రెయిన్ ప్లగ్గు వదులు చేసి, మొదట వచ్చేదాన్ని తెల్లటి గాజు సీసాలో పట్టండి. ముందు వచ్చేదే ముఖ్యం. లీటరు నీళ్లు కిలో తూగితే లీటరు డీజిల్ సుమారు 820 నుంచి 860 గ్రాములే తూగుతుంది. అందుకే నీళ్లెప్పుడూ అడుగునే చేరతాయి. సీసాను వెలుతురుకు ఎదురుగా పెట్టి కొన్ని గంటలు వదిలేయండి. నీళ్లుంటే రెండు పొరలకూ మధ్య గీత కనబడుతుంది. కొంచెమే ఉంటే సీసా వంచినప్పుడు అడుగున గోళీల్లా దొర్లుతాయి. ఏ పొర ఏదో తేలకపోతే నీళ్లలో కలిపిన రంగు ఒక చుక్క వేయండి. అది డీజిల్‌లో కలవకుండా చుక్కగానే కిందికి దిగి, నీళ్లు తగలగానే విచ్చుకుంటుంది. డీజిల్ మసకగా ఉంటే నీళ్లు ఇంకా తేరుకోలేదని అనుమానించాలి. గడ్డకట్టే చలిలోనైతే ఆ మసక డీజిల్‌లోని మైనానిది కూడా కావచ్చు.

ఆ రెండు పొరల మధ్య గీత దగ్గర గోధుమరంగో నలుపో తీగలు సాగే జిగట కనిపిస్తే అది ప్రాణమున్న మురికి. డీజిల్‌ను తిని, నీళ్లలో బతికే బూజులూ బ్యాక్టీరియాలూ ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని కిరోసిన్ ఫంగస్ అనే పిలుస్తారు, విమానాల ట్యాంకులను కూడా అది వదల్లేదు. దీనికి మందు పోసి ఊరుకుంటే చాలదు. చచ్చిన తెట్టంతా ఊడి వచ్చి ఫిల్టర్లను ఇంకా వేగంగా మూసేస్తుంది. ట్యాంకు దింపి కడగాల్సిందే. నీళ్లు నిలవకపోతే ఆ బూజుకు బతుకు లేదు, కాబట్టి అసలు వైద్యం నీళ్లు తీసేయడమే.

నీళ్లంటే ఇంత భయం ఎందుకో చెబుతాను. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు గట్టి ఒత్తిడితో డీజిల్ పంపేది ఇంజెక్షన్ పంపు. అందులో పైకీ కిందికీ ఆడే ప్లంజరు అనే కడ్డీకీ, అది ఆడే బ్యారెల్ అనే గొట్టానికీ మధ్య సందు 2 నుంచి 4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తల వెంట్రుక మందం 70 మైక్రాన్ల చుట్టూ ఉంటుంది. ఆ సందులో ఆయిలు పోసే దారి వేరే లేదు, డీజిలే అక్కడ ఆయిలు. నీళ్లకు ఆ జారుడు లేదు. పైగా తుప్పు పట్టిస్తాయి. తుప్పు రేణువు ఒక్కటి ఆ సందులో పడితే గీత పడిపోతుంది, ఆ గీత ఇక పోదు.

పాత ఫిల్టర్ పారేశారా? పారేస్తే ఈసారి దాచండి. డీజిల్ అంతా కారాక డబ్బా కోసి, కాగితం మడతలు ఒక్కొక్కటే విప్పి చూడండి. రంపంతో కోస్తే రజను లోపల పడి మిమ్మల్నే మోసం చేస్తుంది, జాగ్రత్త. ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు తుప్పు పట్టింది. నల్లటి మెత్తటి రబ్బరు నలుసులుంటే గొట్టం లోపలి పొర ఊడుతోంది. ఆ పొర లోపలే మడత పడి డీజిల్‌కు అడ్డంగా నిలబడటమూ ఉంది, పైకి గొట్టం కొత్తదానిలా ఉంటుంది. ఇంతకాలం మామూలు డీజిల్ తాగిన బండికి బయోడీజిల్ కలిపినది మొదలుపెడితే, ట్యాంకు గోడలకు ఏళ్లుగా పట్టిన మడ్డి కరిగి ఒక్కసారిగా ఫిల్టర్‌కు చేరుతుంది. పాత రబ్బరు ఉబ్బడమూ ఉంది. అప్పుడు తప్పు కొత్త డీజిల్‌ది కాదు, పాత మడ్డిది.

ఎయిర్ పట్టినా, అంటే డీజిల్ దారిలోకి గాలి చొరబడినా, లక్షణాలన్నీ ఇలాగే ఉంటాయి, చాలామంది ఇక్కడే పొరబడతారు. ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య పైపులో పగులుంటే డీజిల్ బయటికి కారదు. అక్కడ పీల్పు ఉంటుంది కాబట్టి గాలే లోపలికి పోతుంది. తడి మరక కోసం వెతికితే జన్మలో దొరకదు. ఫీడ్ పంపుకు ముందు జానెడు పారదర్శకమైన గొట్టం పెట్టి ఇంజన్ నడపండి. బుడగలు వరసగా వస్తుంటే క్లిప్పులూ వాషర్లూ చూసుకోండి.

పెట్రోలు కలిసిందన్న అనుమానం ఉంటే అగ్గిపుల్ల గీసి పరీక్షించే సాహసం ఎవరూ చేయొద్దు. పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలోనూ అంటుకుంటుంది. ట్యాంకు ఖాళీ చేసేయండి, అంతే. ఖాళీ ట్యాంకు మీద వెల్డింగు అసలే వద్దు. నిండుగా ఉన్నదానికంటే ఆవిరి నిండిన ఖాళీ ట్యాంకే ప్రమాదం.

కడిగేటప్పుడు పీల్చే గొట్టం చివరి జాలీ మరిచిపోకండి. కొత్త ఫిల్టర్లు వేసేటప్పుడు పంపుకు దగ్గరి రెండో ఫిల్టర్‌ను డబ్బాలోంచి డీజిల్ పోసి నింపకండి. అలా పోసింది వడకట్టకుండానే నేరుగా పంపులోకి పోయే ప్రమాదముంది. చేత్తో కొట్టే చిన్న పంపు, హ్యాండ్ ప్రైమర్‌తో కొట్టి నింపండి, ఓపిక కావాలి. ఎయిర్ తీయడం ట్యాంకు వైపు నుంచి మొదలుపెట్టాలి: మొదటి ఫిల్టర్, రెండోది, ఆ తర్వాత పంపు మీది స్క్రూ, చివరగా నాజిల్ పైపులు. నాజిల్ పైపులు వదులు చేసేటప్పుడు చెయ్యి అడ్డం పెట్టకండి. పాత ఇంజన్లలోనూ నాజిల్ తెరుచుకునేది దాదాపు 200 బార్ దగ్గర, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లు. ఆ ఒత్తిడితో చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. గాయం సూదిమొనంతే కనబడినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

ట్యాంకు కడిగాక మొదటి ఫిల్టర్ త్వరగా మూసుకుపోతే కంగారు పడొద్దు. పైపుల్లో మిగిలిన మడ్డి వస్తుంది, ఇంకో ఫిల్టర్ బండిలో ఉంచుకోండి. రాత్రి నిలిపేముందు ట్యాంకు నింపే అలవాటు చేసుకుంటే లోపల గాలి తక్కువ, చెమ్మ తక్కువ.

ఇవన్నీ అయ్యి, సీసా శుభ్రంగా, గొట్టంలో బుడగ లేకుండా ఉండి, బండి ఇంకా లాగకపోతే అప్పుడు ఇంజెక్షన్ పంపునూ నాజిళ్లనూ లోపలి భాగాలు విప్పకుండా బండి నుంచి తీసి, వాటిని పరీక్షించే టెస్ట్ బెంచీ ఉన్నచోటికి పంపండి. తీసిన ప్రతి పైపు మూతికీ శుభ్రమైన మూత బిగించండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య