నార కలిపిన ప్లాస్టిక్: అపోహలు - వాస్తవాలు

పాతకాలంలో ఇంటి గోడ పెట్టాలంటే మట్టిలో వరిగడ్డి కలిపి తొక్కేవాళ్లు. మట్టి ఎండి పగలకుండా గడ్డి పట్టి ఉంచేది. కాంపోజిట్ అంటే అదే. నా పనిలో మట్టి బదులు ప్లాస్టిక్, గడ్డి బదులు జనపనార, గోగునార. ల్యాబ్‌లో చేరే విద్యార్థులు, ఇంటికొచ్చే చుట్టాలు మళ్లీ మళ్లీ అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: నార కలిపితే ఆ వస్తువు మట్టిలో కలిసిపోతుంది.

వాస్తవం: కలవదు. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌లో 30 శాతం నార వేస్తే మిగిలిన 70 శాతం పాలీప్రొపిలీనే. దాన్ని మట్టిలో కలిసే సరుకని చెప్పి అమ్మితే నాకు కోపం వస్తుంది. అసలు లాభం వేరు. ఆ మేరకు పెట్రోలియం ప్లాస్టిక్ తగ్గుతుంది, బలం కోసం మామూలుగా ప్లాస్టిక్‌లో కలిపే గాజునార (గ్లాస్ ఫైబర్) అవసరం తప్పుతుంది. గాజునార తీయాలంటే గాజును సుమారు 1400 డిగ్రీల వేడిలో కరిగించాలి. మొక్కజొన్న పిండి నుంచి వచ్చే పీఎల్‌ఏ అనే ప్లాస్టిక్ వాడినా జాగ్రత్త తప్పదు. అది త్వరగా కుళ్లాలంటే 60 డిగ్రీల దగ్గర వేడి నిలిచే కంపోస్టు ప్లాంటు కావాలి. పెరట్లో పాతిపెడితే ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవచ్చు.

అపోహ: మొక్కల నార గాజునారకి సాటి రాదు.

వాస్తవం: లాగితే తెగకుండా ఉండే బలంలో రాదు, ఒప్పుకుంటాను. గాలిమర రెక్కకి జనపనార పెట్టమని నేను చెప్పను. కానీ నీటితో పోలిస్తే గాజు సాంద్రత 2.5 అయితే నారది 1.5 లోపే, అంటే నార తేలిక. అందుకే కారు తలుపు లోపలి పలకలకి నార చక్కగా సరిపోతుంది. జర్మనీ కార్ల కంపెనీలు 1990ల నుంచే వాడుతున్నాయి. వాటికి వాడే నారల్లో ఒకటైన కెనాఫ్ మన గోంగూర జాతిదే.

అపోహ: ఈ రంగం పీహెచ్‌డీ వాళ్లకే.

వాస్తవం: కాదు. పదో తరగతి తర్వాత సిపెట్‌లో (ప్లాస్టిక్ పని నేర్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ) ప్లాస్టిక్స్ డిప్లొమా చేసినవాళ్లు లేకపోతే మా అచ్చులు, మెషిన్లు నడవవు.

అపోహ: నార తెచ్చి కరిగిన ప్లాస్టిక్‌లో కలిపితే సరిపోతుంది.

వాస్తవం: మా కష్టమంతా ఇక్కడే. నారలోని సెల్యులోజ్ గాలిలోంచి కూడా నీటిని పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ మైనం లాంటిది, నీటిని దరి చేరనివ్వదు. అందుకే రెండూ వాటంతట అవి అంటుకోవు. ఓ వానాకాలం తొందరలో నార ఆరబెట్టకుండానే ప్రెస్‌లో పెట్టాను. పలక నిండా బుడగలు. విరిచి చూస్తే నార పోగులు ఒరలోంచి కత్తి జారినట్టు శుభ్రంగా ఊడివచ్చాయి. ఇప్పుడు ముందు కాస్టిక్ సోడా నీళ్లలో కడిగి, ఓవెన్‌లో బాగా ఆరబెట్టి, రెంటినీ కలిపి పట్టే రసాయనం కొంచెం వేస్తాం. వేడి 200 డిగ్రీలు దాటితే నార మాడడం మొదలవుతుంది. కాబట్టి నైలాన్ లాంటి ఎక్కువ వేడిలో కరిగేవి చాలావరకు పనికిరావు.

ఇంకొకటి. శ్రీకాకుళం, విజయనగరం వైపు రైతులు గోగు కట్టల్ని చెరువులో ఊరబెట్టి నార తీస్తారు. తక్కువ ఊరితే బెరడు వదలదు, ఎక్కువ ఊరితే నార బలమే పోతుంది. ల్యాబ్‌లో ఎంత ఖరీదైన మెషిన్ ఉన్నా ఆ తేడాని సరిదిద్దలేం. కాబట్టి నార కొనేటప్పుడు ఎన్ని రోజులు ఊరిందో రైతునే అడిగి, తేదీతో సహా నోట్‌బుక్‌లో రాసుకోండి.